గీత మీద పడిన బంతి

మా డ్రిల్లు సారు పోయారని మంగళవారం అల్లం మూటలు లారీకి ఎక్కిస్తుండగా తెలిసింది. కోహీర్ నుంచి వచ్చిన డ్రైవరు మాటవరసకు చెప్పాడు. ఏడవాలో ఊరుకోవాలో తోచలేదు. ఆయనతో నేను మాట్లాడి తొమ్మిదేళ్లయింది.

సారు డెబ్బై ఒకటి యుద్ధంలో పనిచేసి వచ్చి, జహీరాబాద్‌లో మాకు వాలీబాల్ నేర్పారు. కుట్లు ఊడిన బంతిని వరండాలో కూర్చుని తనే కుట్టేవారు. మేం ఓడిన రోజే చాయ్ తాగించేవారు, గెలిస్తే లేదు. యుద్ధం సంగతి చెప్పమంటే క్యాంపులో ఆట గురించే చెప్పేవారు. రెండు లారీల మధ్య తాడు కట్టి, బూటుతో నేల మీద గీత గీసి, పొద్దుగూకేదాకా ఆడేవారట. యుద్ధంలో ఆటలేంటని నవ్వేవాళ్లం.

"యుద్ధమంటె శానమటుకు ఎదురుచూసుడే. ఉత్తగ కూసుంటె పానం ఆగుతదారా?" అనేవారు.

ఆయనకొక పట్టు ఉండేది. బంతి లోపల పడిందో బయట పడిందో తేలకపోతే ఆ పాయింటు అవతలివాళ్లదే. మొగుడంపల్లి జట్టుతో ఫైనల్లో వాళ్లు కొట్టిన చివరి బంతి అలాగే పడింది. బయటే పడింది, నేను కళ్లారా చూశాను. రెఫరీకి తేలక సారు వంక చూశాడు. సారు వాళ్లకిచ్చేశారు. కప్పు పోయింది. కెప్టెన్ని నేను.

"మీరు మా దిక్కా, వాళ్ల దిక్కా సార్?" అని అందరి ముందూ అడిగాను.

ఆయన వెళ్లి నెట్టు విప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆయన ఎదురొస్తే నేను సందు మారేవాణ్ణి.

మూడో రోజు వాళ్లింటికి వెళ్తే సారు భార్య ఒక సంగతి చెప్పింది. క్యాంపులో ప్రాణస్నేహితుడు కొట్టిన బంతిని సారు బయట పడిందన్నారట. లోపలే పడిందని సారుకు తెలుసట. మాటా మాటా పెరిగి ఇద్దరూ ఎడమొహం పెడమొహం అయ్యారు. తెల్లారి డ్యూటీకి వెళ్లిన ఆ స్నేహితుడు మళ్లీ రాలేదు.

ఆయన తప్పుకు మా కప్పు ఇచ్చేయడం ఏం న్యాయం? ఇప్పటికీ నాకు అర్థం కాదు. కోపం పోలేదు, ఎవరి మీదో మాత్రం తెలియడం లేదు. నా చెయ్యి పట్టుకుని సర్వీసు నేర్పింది ఆయనే కదా.

లేచి వస్తుంటే ఆమె అంది: "నీతోని మాట్లాడాలని రెండుసార్లు మీ ఇంటిదాంక వచ్చిండు బిడ్డా. నువ్వు లేవన్నరంట."

ఉన్నాను. లేనని చెప్పించింది నేనే. కిటికీ సందులోంచి చూశాను కూడా. ఆయన సైకిలు తిప్పుకుని, ఒక కాలు పెడలు మీద పెట్టి, ఎక్కకుండా మా తలుపు వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.