దొరసానికి బాలింత పత్యం

మా ముత్తాత సీతారామప్ప నాయుడు వేప్పనపల్లి పక్కన కొన్ని ఊళ్లకు మిట్టాదారు. ఆ ఊళ్ల శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టేవాడు, తగాదాలు తీర్చేవాడు, ఆయన కుర్చీలో కూర్చుంటే ఎదుట ఇంకెవరూ కూర్చునేవారు కాదు. మా తాత రంగప్ప నాయుడి నాటికి మిట్టా లేదు, మిట్టాదారుగారన్న పిలుపు మాత్రం మిగిలింది. మా నాన్న నాటికి ఆ పిలుపూ పలచబడింది, ఊళ్లో ముసలివాళ్ల నోట మాత్రమే వినిపించేది. నా దాకా వచ్చింది ఆ టేకు కుర్చీ, దాంతోపాటు నడుము వంచకుండా కూర్చునే అలవాటు. మిట్టా పోయింది, ఇల్లు పోయింది, మామిడితోట పోయింది. మా ఇంట్లో ఎప్పుడూ అలాగే చెప్పేవారు, అవన్నీ వాటంతట అవే లేచి నడిచి వెళ్లిపోయినట్టు.

ఇవాళ పొద్దున మా పక్కింట్లో బాలింతకు నీళ్లు పోశారు. హోసూరులో నేనుంటున్నది ఒంటి గది. ముందు సాంబ్రాణి పొగ, ఆ వెనకే వెల్లుల్లి వేగుతున్న వాసన కిటికీలోంచి లోపలికి వచ్చాయి. మంచం మీద నిద్రపోతున్న నా పిల్లి తల ఎత్తింది, చెవులు వెనక్కి వాల్చింది, ఇదంతా నేనే చేయించినట్టు నా వైపు ఒక చూపు చూసి మంచం కిందికి దూరింది. ఇది రాస్తున్న వేళకు కూడా బయటికి రాలేదు. దాని పేరు దొరసాని. ఆ పేరు నేను పెట్టలేదు, మా పాత ఇంటి ఓనరు మునిరత్నమ్మ పెట్టింది. ఆ వాసన తగిలితే మా ఇద్దరికీ ఆవిడే గుర్తుకొస్తుంది. ఆవిడ పోయి ఇంతకాలమైనా నాకు ముందు వచ్చేది కన్నీళ్లు కాదు, విసుగు.

మునిరత్నమ్మది గులాబీల వ్యాపారం. చుట్టుపక్కల తోటల నుంచి పూలు తెప్పించి, కట్టలు కట్టించి, అట్టపెట్టెల్లో పెట్టి బెంగళూరుకు పంపేది. కింద ఇల్లంతా పూలబకెట్లు, పైన ఉన్న రెండు గదుల వాటా నాకు అద్దెకు. నేను అప్పుడు ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి. ఇల్లు చూడబోయిన రోజు ఆవిడ పూలకాడలు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే, "యా ఊరప్పా మీది?" అని అడిగింది. నేను నిలబడే మా ముత్తాత దగ్గర మొదలుపెట్టి వరసగా చెప్పాను. అంతా విని కత్తెర పక్కన పెట్టింది.

"ఓ, ఆ మిట్టావాళ్లా! మా తాత మీ నేలే దున్నినాడు లే. మీ తాత ముందర నిలబడీ నిలబడీ కాళ్లు వాచిపోయేవంట." మళ్లీ కత్తెర అందుకుని, "నీళ్లు మాత్రం నువ్వు పొద్దున్నే పట్టుకోవల్ల. మిట్టా అంటే మోటారు ఆగదు" అంది.

బయటివాళ్లలో నన్ను మొదటిసారే నువ్వు అన్న మనిషి ఆవిడ. ఆ రోజే వేరే ఇల్లు చూసుకోవాల్సింది. చూసుకోలేదు, ఎందుకో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఆవిడ మెట్లెక్కుతూ తలుపు తట్టేది కాదు. నేను చదువుకుంటున్న పేపరు సగం లాక్కుని పూలు చుట్టడానికి పట్టుకుపోయేది. నా చొక్కా గంజి చూసి, "ఇది వంగితే విరిగిపోతాది" అని పూలు కట్టే ఆడవాళ్ల ముందు నవ్వేది. ఎక్కడి నుంచో వచ్చి పూలపెట్టెల మధ్య చేరిన బూడిదరంగు పిల్లి నడక చూసి, "అచ్చం పైన ఉండే నాయుడప్ప మాదిరే" అని దానికి దొరసాని అని పేరు పెట్టింది. నేను దాన్ని పిల్లి అనే పిలిచేవాణ్ణి.

ఆ పిల్లి ప్రతిసారీ గులాబీ పెట్టెలోనే ఈనేది. పిల్లల్ని ఎవరికో ఒకరికి అంటగట్టలేక విసిగిపోయి, చివరికి మునిరత్నమ్మే దాన్ని హోసూరులోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించింది. మెడకు గరాటు లాంటి ప్లాస్టిక్ పట్టీ వేసి, కుట్లు నాకకుండా చూడమని, తడి తగలనివ్వొద్దని చెప్పి పంపారు. అక్కడితో అయిపోవాలి. కానీ ఆ తర్వాత ఒకరోజు నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మెట్ల దాకా సాంబ్రాణి పొగ. కింద వంటింట్లో పీట వేసుకుని కూర్చున్న మునిరత్నమ్మ ఒళ్లో పిల్లి. పట్టీ లేదు. కుట్ల మీద పసుపు, ఆముదం. కడుపు జారకుండా పాత చీర పేలికతో నడుము చుట్టూ బిగించిన కట్టు. పక్కన గిన్నెలో నెయ్యీ వెల్లుల్లీ కలిపిన మెత్తటి అన్నం.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నాను.

"కనపడలేదా? పత్యం పెడతా ఉండాను."

"అది కనలేదమ్మా! ఆపరేషన్ అయింది. పట్టీ తీయొద్దని డాక్టరు చెప్పలేదా?"

"ఆ డాక్టరు మగోడు, వానికి ఏం తెలుస్తాది? ఆ గరాటేసుకుంటే బిడ్డ తల యాడ పెట్టుకుంటాది?" అని, పిల్లి నోటికి ఇంకో ముద్ద అందించింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "కడుపే తీయించినాను కదప్పా దానికి. ఇంక దానికి బాలింతతనం యాడిది? ఈ ఒక్కసారన్నా చెయ్యద్దా?"

కోపంగా మెట్లెక్కి పైకి వెళ్లిపోయాను. ఆవిడ మాట్లాడే ప్రతి మాటలోనూ తప్పు ఉండేది, ఆ తప్పును పట్టుకోబోతే చేతికి మరేదో తగిలేది.

కట్టు బిగువుకు కింద కుట్లు చెమ్మగిల్లి చీము పట్టాయి. పిల్లి కట్టు కొరికి లాగింది, దాంతోపాటు కుట్లు కూడా ఊడాయి. తిండి మానేసింది, గోడకు మొహం పెట్టి కూర్చుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఊళ్లో లేడు. "నాకు బస్సులో ఒక్కదాన్నే భయం, నువ్వు రా" అంది మునిరత్నమ్మ, పొద్దున ఫ్యాక్టరీకి బయల్దేరుతున్న నాతో. ఆవిడ భయపడగా నేను ఎన్నడూ చూడలేదు. సెలవు పెట్టాను. గులాబీ పెట్టెకు రంధ్రాలు పొడిచి, అందులో పిల్లిని పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో కృష్ణగిరి బస్సెక్కాను.

"పెట్టెలో ఏమమ్మా?" అన్నాడు కండక్టరు.

"దొరసానప్పా. ఒళ్లు బాగలేదు" అంది మునిరత్నమ్మ. బస్సులో సగంమంది తిరిగి చూశారు. "దొర ఈయనే" అని నన్ను చూపించింది. మిగతా సగంమంది కూడా చూశారు. కృష్ణగిరి వచ్చేదాకా నేను కిటికీలోంచి మొహం తిప్పలేదు.

పశువుల ఆసుపత్రి ముందు ఆవులు, దూడలు, మేకలు, వాటి వెనక వాటి మనుషులు. పెట్టెలో కదలిక తగ్గుతోంది. కృష్ణగిరిలో మా ఇంటిపేరు ఇంకా చెల్లుతుందని నాకు ఎక్కడో నమ్మకం. గేటు దగ్గరున్న అటెండరును పక్కకు పిలిచి, మేము ఫలానా మిట్టాదారు వంశం వాళ్లమని, కాస్త ముందు పంపమని చెప్పాను. అతను మర్యాదగానే విన్నాడు. "సరే సార్. ఆ మేక వెనకాల నిలబడండి" అన్నాడు.

నేను నిలబడ్డాను. మునిరత్నమ్మ నిలబడలేదు. పెట్టె మూత తీసి, వరసలో ఉన్న ఒక్కొక్కరికీ పిల్లిని చూపిస్తూ, "ఇది చచ్చిపోతా ఉండాది, కొంచెం ముందర పోనిస్తారా అమ్మా, కొంచెం దారి ఇయ్యప్పా" అని అడుక్కుంటూ పోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగరు. మేకను పట్టుకున్న ముసలాయన, ఆవును తోలుకొచ్చిన ఆడమనిషి, అందరూ ఒక్కొక్క అడుగు పక్కకు జరిగారు. మేము లోపలికి వెళ్లాం.

లోపలున్న డాక్టరమ్మది కుప్పం వైపు, తెలుగావిడే. పిల్లి పెదవి పైకెత్తి చిగుళ్లు చూసి మొహం ముడుచుకుంది. "ఏం జరిగింది? తిండి ఏం పెడుతున్నారు?" అని నన్ను అడిగింది. గౌరవంగా ఎలా చెప్పాలో అంతలోనే ఆలోచించుకున్నాను. "ఇంటి దగ్గర ఏదో పొరపాటు జరిగినట్టుందండి. పట్టీ ఊడిపోయింది" అన్నాను.

"ఊడలేదు, నేనే పీకేసినాను" అంది మునిరత్నమ్మ, గదిలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా. "పొరపాటు జరగడం కాదు తల్లీ, నేను చేసినాను. పసుపూ ఆముదమూ నేనే పూసినాను. కట్టు నేనే కట్టినాను. పూటపూటా వెల్లుల్లి అన్నం నేనే పెట్టినాను. తిట్టేది ఉంటే నన్ను తిట్టు. దాన్ని మాత్రం బతికించు."

డాక్టరమ్మ తిట్టలేదు. చేతిలో పని ఆపి ఆవిడ వైపు తిరిగింది. "వెల్లుల్లా? పిల్లికి వెల్లుల్లి విషమమ్మా, రక్తాన్ని విరిచేస్తుంది. మీరు చెప్పకపోయుంటే నేను పుండే చూసుకునేదాన్ని. దాన్ని కడిగి, కుట్టి పంపించేసేదాన్ని" అంది. అప్పటికప్పుడు రక్తం తీసి చూసింది, సెలైన్ ఎక్కించింది, పుండు శుభ్రం చేసి మళ్లీ కుట్టింది. బతుకుతుందని మాత్రం అనలేదు. చిగుళ్లు పాలిపోతే వెంటనే తీసుకురావాలంది. గెంతకూడదు, పట్టీ తీయకూడదు, ఎవరూ ముట్టుకోని గదిలో ఉంచాలి అంది.

"ఈయన గదికి ఎవరూ రారు తల్లీ" అంది మునిరత్నమ్మ. నిజమే, కానీ అది డాక్టరమ్మ ముందు చెప్పాల్సిన మాటా?

అలా పిల్లి నా గదికి వచ్చింది. దాన్ని గెంతకుండా ఆపడం మాట అటుంచి, ఆ గదిలో దానికి ఎక్కాలనిపించే వస్తువు ఒకటే ఉంది, మా ముత్తాత కుర్చీ. గరాటు తగిలించుకున్న తలతో, నిలబడే ఓపిక కూడా లేకుండా, దాని వైపే పాకేది. మునిరత్నమ్మ వచ్చి ఒక్క చూపు చూసి, కుర్చీని రెండు చేతులతో వెనక్కి వాల్చి నేల మీద పడుకోబెట్టింది. నేను లేపి నిలబెట్టాను. ఆవిడ మళ్లీ పడుకోబెట్టింది.

"ఇది ఏ కుర్చీయో మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు. మా తాత కాళ్లు వాచింది దీని ముందరే కదా" అంది. వెల్లకిలా పడుకున్న కుర్చీ వీపు మీద గోనెపట్టా పరిచి, రెండు చేతుల చుట్టూ పాత చీర దడిలా కట్టి, మధ్యలో పిల్లిని దించింది. "ఇప్పుడు పనికొచ్చింది సూడు. దొరసాని కచేరీ చేస్తాది ఇంక." అక్కడే నేల మీద చతికిలబడి, కాళ్లు చాపుకుంది. నేను నిలబడి ఉన్నాను. గదిలో కూర్చోవడానికి నాకు నేల తప్ప మిగల్లేదు. కాసేపటికి నేనూ కూర్చున్నాను.

తర్వాతి రోజులు తలచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను. మందు నోట్లో పోస్తే గరాటు నిండా ఉమ్మేది. ఉడికించిన చేప తప్ప ముట్టేది కాదు. చేపల అంగడిలో నిలబడి ముళ్లు లేనివి ఇమ్మని నేను బతిమాలుతుంటే, "పిల్లికా సార్, మీకా?" అని వాడు పరాచికాలాడేవాడు. అన్నిటికంటే ఘోరం చిగుళ్లు. మునిరత్నమ్మకు మోకాళ్ల నొప్పి, మాటిమాటికీ మెట్లెక్కలేక వీధిలోంచే అరిచేది. "నాయుడప్పా, చిగుళ్లు ఎట్లుండాయి?" నేను బాల్కనీలోకి వచ్చి, పరువు పోకుండా ఎంత మెల్లగా చెప్పినా, "వినపడలేదు, గట్టిగా చెప్పు!" అనేది. టీ అంగడిలో ఒకాయన నా చిగుళ్లకు లవంగనూనె రాసుకోమని సలహా ఇచ్చాడు.

ఒక పొద్దున పెదవి ఎత్తి చూస్తే లేత గులాబీరంగు. నా కళ్లను నేను నమ్మక, వెలుతురులోకి తీసుకెళ్లి మళ్లీ చూశాను. పిల్లి నా వేలు కొరికింది. బాల్కనీలోకి పరిగెత్తి, "ఎర్రగా ఉన్నాయి! చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి!" అని నేనే అరిచాను. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. కింద మునిరత్నమ్మ చేతిలో గులాబీ కట్టతోనే నడివీధిలో కూర్చుండిపోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అది చూసి నేను మళ్లీ లోపలికి వచ్చేశాను. ఆవిడ ఏడుస్తుంటే చూడటం నాకు చేతకాలేదు. సాయంత్రం మెట్లెక్కి వచ్చి, తలుపు తట్టకుండానే, చేపలో ఉప్పు వేస్తున్నావా అని నాతో తగువు పెట్టుకుంది.

పిల్లి మళ్లీ కిందికి పోలేదు. పోనీలే అని ఆవిడా అడగలేదు. కొంతకాలానికి మునిరత్నమ్మ, పూలు ఎత్తిస్తూనే, కూర్చున్నచోటే ఒరిగిపోయింది. సామల్పట్టిలో ఉన్న ఆవిడ కూతురు ఇల్లు అమ్మేసింది. కొత్త ఓనరు పిల్లి వద్దన్నాడు. అప్పుడు నేను ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గడప ముందూ నిలబడి, "నా దగ్గర ఒక పిల్లి ఉందమ్మా. దానికి ఒకసారి ప్రాణం మీదికొచ్చింది. కొంచెం చోటు ఇస్తారా?" అని అడిగాను. కొందరు నవ్వారు, కొందరు తలుపు వేశారు. నడుము వంచకుండా అడగడం ఎలాగో నాకు ఇప్పటికీ రాదు, వంచే అడిగాను. చివరికి ఒక ముసలాయన ఈ గది ఇచ్చాడు.

గది చిన్నది. మంచం వేస్తే కుర్చీ పట్టలేదు. గోనెపట్టా మాత్రం మంచం కింద పరిచాను, ఇప్పుడు పిల్లి దాని మీదే ఉంది. చుట్టాల్లో ఎవరైనా ఆ కుర్చీ ఏమైందని అడిగితే పోయిందని చెప్పను. మామిడితోటను మా నాన్న అమ్మాడు. కుర్చీని నేను అమ్మాను, జూజువాడిలో పాత సామాన్ల అంగడికి.