ఆరు నిమిషాల నిరాశ

ఆవిడ ఇరవై ఆరేళ్ళు ఎలుకల్ని నీళ్ళలో వేసింది. చదువుకున్నవాళ్ళు దీన్ని మెదడు రసాయనాల పరిశోధన అంటారు. అత్తగారు మాత్రం మొదట్లోనే అడిగేసింది.

"ఎలుక దిగులుగా ఉందో తీరిగ్గా ఉందో నీకెలా తెలుస్తుందమ్మాయ్?"

"ఈదడం మానేస్తే దిగులన్నమాట, అత్తయ్యా."

"అలాగైతే మీ మావగారికి పెళ్ళైన మర్నాటినించీ దిగులే!"

ఆవిడ నవ్వేసి ఊరుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

పద్ధతి ఇదీ. మోకాలెత్తు గాజు జాడీ, ముప్పాతిక వంతు నీళ్ళు, అందులో ఎలుక, చేతిలో గడియారం. ఆరు నిమిషాలు. కాళ్ళు కొట్టుకుంటే ఆశ ఉన్నట్టు. ముక్కు పైకి పెట్టి కదలకుండా తేలితే నిరాశ. మొదటి రోజు ప్రతి ఎలుకా ఈదేది, రెండో రోజు తేలేది. అప్పుడు ఆవిడ కనిపెట్టిన మందు ఎక్కిస్తే మళ్ళీ గిలగిలా ఈదేది. మెదడులో ఫలానా రసాయనం పెరిగింది, నిరాశ వదిలింది, వ్యాసం అచ్చయింది! ఇలా నలభై వ్యాసాలు. ఇక ఆ మందుని మనుషులకిచ్చి చూడ్డానికి అనుమతి కావాలి. అనుమతి రాకపోతే ల్యాబ్ మూసేస్తామని డైరెక్టర్ ముందే చెప్పాడు.

నివేదికకి ఆఖరి కొలతలు రాసుకుందామని ఆవిడ ఓ పొద్దున్నే ఎలుకల గదికి వెళ్ళింది. బోనులు కడిగేదీ, మేత పెట్టేదీ, కొలత రాసుకుని ఆవిడ వెళ్ళిపోయాక జాడీలోంచి ఎలుకని తీసేదీ ఒకాయనే. ఊరందరికీ ఎలుకల బాబాయ్. ఆయన హీటరు మీద చిన్న తువ్వాలు వెచ్చబెడుతున్నాడు.

"ఇదేంటి బాబాయ్?"

"తడిసొస్తాయి కదమ్మా. తీసి, ఇందులో చుట్టి, ఓ బఠాణీ పెడతా."

"ఎప్పట్నించీ?"

"మీరు చేరినప్పట్నించీ."

ఆవిడ గుండె జారి జాడీలో పడినంత పనయింది.

"రెండో రోజు ఎందుకు తేలుతున్నాయంటావు?"

"నేను తీస్తానని తెలిసిపోయిందిగా. ఒళ్ళు హూనం చేసుకోవడం దేనికీ?"

"మందు వేస్తే మళ్ళీ ఈదుతున్నాయే!"

"మతిమరుపొస్తోందేమోనమ్మా, పాపం."

ఆవిడ బాబాయ్‌ని బలవంతాన రెండు వారాలు సెలవు మీద పంపించి, కొత్త ఎలుకల్ని తెప్పించింది. తువ్వాలు లేదు, బఠాణీ లేదు, చిన్న వలతో దేవి బోనులో పడేయడమే. రెండో రోజు ఒక్కటంటే ఒక్కటి తేలలేదు. మందు లేకుండానే గజ ఈతగాళ్ళలా ఈదాయి. నిరాశ మచ్చుకైనా లేదు. అనుమానం తీరక పాత ఎలుకలకి మందు వేసి బోనులో వదిలింది. ఏడాదిగా తింటున్న గిన్నె ఎక్కడుందో వాటికి తెలీలేదు.

డైరెక్టర్ అంతా విని నిట్టూర్చాడు. "ఎలుకల అభిప్రాయం మనకెందుకు మేడమ్? తువ్వాలు సంగతి రాయకండి. తువ్వాలు రసాయనం కాదుగా!"

ఇరవై ఆరేళ్ళ పని కాపాడుకోవాలంటే ఒక తువ్వాలు దాచేస్తే చాలు. ఆవిడ మూడు రోజులు బల్ల ముందు కూర్చుని, నాలుగో రోజు రాసింది: "తువ్వాలు: నూలుది, వెచ్చనిది. బఠాణీ: ఒకటి. మందు: మరుపు తెస్తుంది."

మందుకి అనుమతి ఇవ్వాలా వద్దా అనే విచారణకి ఐదుగురు పెద్దలు కూర్చున్నారు. "మీ వాదనేదో చెప్పుకోండి," అన్నారు.

"రాశానండీ."

"అంతేనా? ల్యాబ్ పోతుంది!"

"తెలుసండీ."

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. కాళ్ళు కొట్టుకోవాలనిపించలేదు. వాళ్ళలో మానసిక వైద్యుడొకాయన గడియారం చూసుకుని, ఏదో రాసుకుని, పక్కాయన చెవిలో గట్టిగానే గొణిగాడు: "నాలుగు నిమిషాలైంది, ఉలుకూ పలుకూ లేదు. తీవ్ర నిరాశ. పాపం, ఈవిడ మందే ఈవిడకి కాస్త ఇచ్చి చూస్తేనో?"

ల్యాబ్ మూసేశారు. ఆవిడ బయటికొచ్చేసరికి గుమ్మం పక్కన స్టూలు వేసుకుని బాబాయ్ కూర్చునున్నాడు.

"అయిపోయిందామ్మా?"

"అయిపోయింది."

ఆయన జేబులో చెయ్యి పెట్టి బఠాణీ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"ఒకటేనా బాబాయ్?"

"పద్ధతి పద్ధతే కదమ్మా."