దేముడమ్మ ఊపిరి నా చేతిలో ఉన్న రోజు

ఉప్పు మడుల దగ్గర మేస్త్రీ జగన్నాధం కనబడితే మగవాళ్లు కూడా తల వంచుకునేవారు. ఒక మధ్యాహ్నం పంపు షెడ్డు నీడలో గంజి తాగుతున్న ఆడవాళ్లందరినీ లేచి వెళ్లిపొమ్మన్నాడు. ఆ నీడ కంపెనీదన్నాడు. అందరం లేచాం. నేనూ లేచాను, అబద్ధం దేనికి. మా తోటికోడలు దేముడమ్మ మాత్రం కూర్చున్నచోటు నుంచి కదలలేదు.

“నీడ కంపెనీదే బాబూ, నేను కాదన్నానా? కంపెనీ నీడొచ్చి మా గంజికుండ మీద పడతన్నాది. మీది మీరు తీసుకుపోండి.”

ఆడవాళ్లు నవ్వారు. నీడను ఎలా తీసుకుపోవాలో తెలియక జగన్నాధమే వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆ షెడ్డులో మమ్మల్ని అడిగినవాడు లేడు.

దేముడమ్మ నా మరిది అసిరయ్య భార్య. నన్ను అప్పా అని పిలిచేది, అక్కా అన్నట్టు. నౌపడలో మా రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. పొట్టి మనిషి, పెద్ద అడుగులు. మడిలో ఉప్పు లాగడానికి దిగితే పక్కనున్న మగవాడు సిగ్గుపడాల్సిందే. పాముకీ దెయ్యానికీ మేస్త్రీకీ కూడా ఆమె బెదిరేది కాదు.

అరవయ్యెనిమిదిలో, తొలి వానల ముందు, ఉక్క భరించలేక అందరం నేల మీదే చాపలు పరుచుకునేవాళ్లం. ఒక తెల్లవారుజామున దేముడమ్మ కడుపునొప్పితో లేచింది. రాత్రి తిన్న ఎండుచేపలు పడలేదన్నాడు అసిరయ్య. మా అత్త నారాయణమ్మ అల్లం కషాయం కాచి తెచ్చింది. గుటక దిగలేదు, ముక్కులోంచి వెనక్కి వచ్చేసింది. కళ్లు తెరవమంటే దేముడమ్మ తన రెప్పలను వేళ్లతో పైకెత్తుకుని నన్ను చూసింది. నాకు అనుమానం వచ్చి ఆమెను పక్కకి జరిపాను. చాప ఎత్తి దులిపితే కట్లపాము జారిపోయింది. కాటు ఎక్కడా కనబడలేదు. ఆ పాము కరిస్తే చీమ కుట్టినంత కూడా తెలియదట.

ఉప్పు లారీలో పడుకోబెట్టి నేనూ అసిరయ్యా జిల్లా ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో ముద్దముద్దగా, “ఊపిరాడ్డం లేదప్పా” అంది. ఆ తర్వాత మాట లేదు.

డాక్టరు బాబు ఆమె నోట్లోంచి గొంతులోకి గొట్టం దింపి, దానికి నల్లటి రబ్బరు తిత్తి తగిలించి నొక్కాడు. రొమ్ము పైకి లేచింది. విషానికి సూదిమందు ఎక్కించాడు. ఊపిరి ఆడించే మిషను అక్కడ లేదు. ఉన్న ఒక్క నర్సుకీ వార్డంతా పని. అందుకని తిత్తి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. నువ్వు ఊపిరి పీల్చేటప్పుడు నొక్కు, విడిచేటప్పుడు వదులు అన్నాడు. ఆ విషం ఒంటిని కట్టేస్తుంది గానీ తెలివిని కట్టదనీ, అది దిగేదాకా ఊపిరి మనమే పోయాలనీ చెప్పాడు. నోట్లో చుక్క నీళ్లు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, పొయ్యొద్దన్నాడు. ఎవరికో కడుపు కొయ్యాలని పిలిస్తే వెళ్లిపోయాడు.

భయం వేస్తే నేను ఊపిరి బిగబడతాను. అలా బిగబట్టినప్పుడల్లా చెయ్యీ ఆగేది. ఆమె పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగేవి. అది చూసి ఇంకా భయం వేసేది. మాట్లాడితే లెక్క తప్పుతుందని నోరు మూసుకున్నాను. బుద్ధెరిగాక నేను అంతసేపు నోరు మూసుకున్నది అదే.

పొద్దు వాలకముందే మా అత్త రైలు దిగి వచ్చింది. చేతిలో రాగి చెంబు, అందులో తులసి నీళ్లు. దేముడమ్మంటే ఆవిడకి ప్రాణం. అందుకే తెచ్చింది.

“ఇంకేటి సూస్తన్నారు? కొయ్యలాగున్నాది. మంచం మీద పేనం పోకూడదు, కిందకి దించండి.”

ఊపిరి ఆడుతోందని గడ్డంతో చూపించాను.

“ఆ ఊపిరి నీది కోడలా. దానిది కాదు.”

ఆ మాటకి నా చెయ్యి ఆగిపోయింది, రొమ్మూ ఆగింది. మళ్లీ నొక్కాను. పొద్దుటి నుంచి నేను గాలి ఊదుతున్నది శవంలోకేనా? అది నాకూ తెలియదు.

అసిరయ్య ఏడుస్తూ, కిందకి దించడానికి ఆమె పాదాలు పట్టుకున్నాడు. అత్త చెంబు వంచి నోటి దగ్గరికి తెచ్చింది. నా రెండు చేతులూ తిత్తి మీదే ఉన్నాయి. అత్తని తొయ్యాలంటే తిత్తి వదలాలి. నాకు మిగిలింది నోరే.

“ఒలే దేముడమ్మా, నీ నోట్లో నీల్లు పోసేస్తన్నారే. ఇనిపిస్తే కాలేలు కదుపు.”

నొక్కాను, వదిలాను. అసిరయ్య ఏడుపు ఆపేశాడు.

“ఒదినా, కదిలినాది.”

తెగిన బల్లితోక కూడా కదులుతుందంది అత్త. మళ్లీ పిలవమన్నాడు మరిది. పిలిచాను. అతని అరచేతిలో వేలు మళ్లీ కదిలింది. తల్లి మాటకి ఏనాడూ ఎదురు చెప్పనివాడు ఆవిడ చేతిలోంచి చెంబు లాక్కుని కిటికీలోంచి పారబోశాడు. అత్త నేల మీద కూలబడి చీరకొంగు నోట్లో కుక్కుకుంది. నా వేళ్లు తిమ్మిరెక్కాక ఆవిడే లేచి, ఎలా నొక్కాలో చెప్పమని అడిగింది. ముసలి ఊపిరి పొట్టిది కదా, ఆవిడ వంతులో దేముడమ్మ రొమ్ము పరుగులు పెట్టింది. నర్సు వచ్చి కోప్పడి సరిచేసింది.

రెండు రాత్రులు వంతులేసుకుని నొక్కాం. ఆ తర్వాత ఒక రెప్ప సందుగా తెరుచుకుంది. పీల్చడం ఆమె తనంతట తాను మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాక మునుపటిలాగే ఉప్పు లాగింది, జగన్నాధాన్ని ఆడించింది. కళ్లు మూసుకోవడానికి మాత్రం భయపడేది. గోడకి ఆనుకుని కునికేది, ఉలిక్కిపడి రెప్పలు తడుముకునేది. ఒక సాయంత్రం నా అరుగు మీద కూర్చుని చెప్పింది.

“అన్నీ ఇన్నానప్పా. అత్త మాటా ఇన్నాను, సెంబులో నీల్ల సప్పుడూ ఇన్నాను. అరుద్దామంటే నోరు నాది కాదు. నువ్వు మాటాడకపోయేసరికి నువ్వూ ఎలిపోయేవనుకున్నాను.”

ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“ఎప్పుడో నిజంగానే పోతాను కదా. అప్పుడూ అందరూ పోయిందనే అంటారు. నువ్వు ఒప్పుకోకు. కాల్లు పట్టుకుని పేరెట్టి పిలు. నీకొచ్చిన తిట్లన్నీ తిట్టు. అప్పటికీ కదలకపోతే, ఆ నీల్లు నువ్వే పొయ్యి. ఇంకొకల్ల సేత పోయించకు.”