కంటి పటంలో మా అమ్మ కనిపెట్టిన చోటు

మా అమ్మ ప్రొద్దుటూరులో మగ్గం వర్క్ చేస్తాది, రవికెల మీద దారంతో పూసలు కుడతాది. చదివింది ఐదో తరగతి. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతా. ఈ పొద్దు ఆమె పక్కన కూర్చొని రేపటి క్లాసుకు రెటీనా పటం గీస్తాంటే, ఏందని అడిగింది. వెలుతురు పట్టే కణాలు వెనకాల, ఆ కబురు మెదడుకు మోసే నరాల కణాలు, దారాల్లాంటి వాటి పోగులు ముందర ఉంటాయని చెప్పినా.

"మెదడు వెనకుంటే ఈ దారాలన్నీ యాడో ఒకచోట బొక్క చేసి వెనక్కి తీయాల్సిందే గదా పాపా! బొక్క కాడ పూస నిలబడదు. మరి ఆడ కన్ను చూస్తాదా?"

చూడదు. దాన్నే అంధచుక్క అంటారు. నేనింకా ఆ మాటే ఎత్తలేదు! డిగ్రీలో నేను బట్టీ పట్టిందాన్ని ఆమె సూదితో పట్టేసింది. రేపు అంధచుక్క కాడికొచ్చినప్పుడు దీన్ని కనిపెట్టిందెవరంటే పుస్తకం పేరు కాదు, మా అమ్మ పేరే చెబుతా. ఎవురికన్నా అభ్యంతరమా?