కండువా కోసం చెప్పిన పేర్లు

ఎండకు కాగిన డ్రిప్పు పైపుల వాసన తగిలితే నాకు వనపర్తిలోని మా పాత ఆఫీసు, ఆ వెంటనే మా మేనేజర్ సుజాత మేడం గుర్తుకొస్తారు. పైపులమ్మే ఆ కంపెనీలో నా పని ప్రచారం. ఊళ్లలో స్టాలు పెట్టి, పైపులు కావాలన్న రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకొచ్చేవాణ్ణి. పేరు చెప్పినవాళ్లకు కండువా ఉచితం. ఊరికే కండువా వస్తుంటే పేరెవరు చెప్పరు? జాబితా బారెడయ్యేది, నేను మీసం మెలేసేవాణ్ణి.

ఆ పేర్లు పట్టుకొని తిరిగి పైపులు అమ్మవలసినవాడు అయిజ నర్సింలు. అమ్మకాలు పడిపోయాయి. పేర్లన్నీ ఉత్తవేనని అతను, అతనికి అమ్మడం చేతకాదని నేను. చివరికి నర్సింలును తీసేయమని పెద్ద ఆఫీసు నుంచి మాట వచ్చింది. అతని జీతం మీదే ఇల్లంతా నడిచేది. మేడం వారం గడువడిగి, నన్ను పిలిచారు.

"శ్రీనూ, రేపు నర్సింలు బండెనక కూసో. నీ పేర్లు నువ్వే చూసి రా."

ఇటిక్యాల దగ్గర పత్తి చేలో మొదటి రైతు కనిపించాడు. నేనిచ్చిన కండువానే తలకు చుట్టుకున్నాడు.

"పైపులు ఎప్పుడు ఏయిస్తవన్నా?" అన్నాను.

"నేనెట్ల ఏయిస్త సారూ? చేను కౌలుది. పాసుబుక్కు ఆసామి దగ్గరుంది, ఆయన కర్నూల్ల ఉంటడు. నువ్వు గది అడగనే లేదు గద!"

భూమి పాసుబుక్కు లేనిదే సర్కారు సబ్సిడీ రాదు. సబ్సిడీ రాకుండా పైపులెవరూ వేయించరు. సాయంత్రం దాకా తిరిగాం. చాలాచోట్ల ఇదే కథ, మిగిలినచోట్ల ఎండిన బోర్లు. నర్సింలు ఒక్క మాట దెప్పలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మేడం ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

"ఎసొంటి రైతు కోసమైతే బండి తీస్తవో నువ్వు చెప్పు నర్సింలూ. శ్రీను రాసుకుంటడు."

సొంత భూమి, నీళ్లున్న బోరు, ఈ పంటకే పైపులు వేయించే ఆలోచన. ఈ మూడూ అడిగాకే పేరు రాయాలి, కింద ఇద్దరం సంతకం పెట్టాలి. కండువాలు ఆపేశారు. జాబితా జానెడయింది, నర్సింలు మాత్రం ఖాళీ చేతులతో రావడం తగ్గింది.

గడువు తీరే రోజున మా ముందే మేడం పెద్ద ఆఫీసుకు ఫోన్ చేసి, తప్పు జాబితాదని చెప్పారు. రాసిందెవరని అవతలివాళ్లు గద్దించారు. ఫోన్లోంచి ఆ కేక మాకూ వినిపించింది.

"చూడకుండ పంపింది నేను సార్," అన్నారామె.

నర్సింలు ఉద్యోగం నిలిచింది, నాదీ నిలిచింది. బయటికొచ్చాక నర్సింలును క్షమించమన్నాను.

"గదంతా ఎందుకన్నా, నీళ్లున్న బోరొకటి చూపియ్యి జర," అని నవ్వాడు.

ఇప్పుడు నాగర్‌కర్నూలులో నేనే మేనేజర్ని. రాసిందెవరన్న ప్రశ్న పెద్ద ఆఫీసువాళ్లు ఒకసారి నన్నూ అడిగారు. "పంపింది నేనే" అని చెప్పేలోపు, తప్పు ఎవరి మీదికి తోయొచ్చా అని ఎన్ని పేర్లు వెతుక్కున్నానో నాకే తెలుసు. మేడం ఆ రోజు అంత తేలిగ్గా ఎలా అనగలిగారో!