వేడి చేసిన ఏడాది

మా కోనసీమలో ఒంట్లో ఏ తేడా వచ్చినా ముందు "వేడి చేసింది" అంటారు. దానికి మందు పెరట్లోనే ఉంటుంది.

తొంభైల్లో, నేను రిటైరైన కొత్తలో, ఒంటికి వెళ్ళడం కష్టమైంది. మంట, చుక్కలు చుక్కలుగా రావడం. మా ఆవిడ క్షణం ఆలోచించకుండా వేడి అని తేల్చేసింది. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని కొబ్బరి బొండాం కొట్టి, నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చేది. నేను ముప్ఫై ఐదేళ్ళు సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి. మూత్రపిండాల బొమ్మ కళ్ళు మూసుకుని గీయగలను. నోరు మూసుకుని తాగాను.

అరగంటకోసారి పెరట్లోకి వెళ్ళాల్సి వచ్చేది. అన్ని నీళ్ళు తాగితే వెళ్ళక చస్తామా అనుకున్నాం. అలా ఏడాది గడిచింది. నడుం నొప్పి మొదలైతే అదీ వేడే అయింది. బొండాలు రెండయ్యాయి.

ఒకరోజు ఒంటికి రావడం పూర్తిగా ఆగిపోయింది. రాజమండ్రి తీసుకెళ్తే గొట్టం వేశారు, స్కానింగులు చేశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత ఇద్దరం రిపోర్టుల కోసం వెళ్ళాం.

"ప్రోస్టేట్ క్యాన్సరండి మేష్టారూ," అన్నారు డాక్టరు గారు.

నేను రిపోర్టు కాగితాలు అందుకుని, చదవకుండానే మడత పెట్టాను. ఆయన అడిగారు:

"ఎన్నాళ్ళ నుంచండీ ఇబ్బంది?"

పక్కనే మా ఆవిడ ఉంది. ఒళ్ళో ఫ్లాస్కు ఉంది. అందులో ఏముందో చెప్పక్కర్లేదు. నిజం చెబితే ఆ ఏడాదంతా ఆమె నెత్తిన పడుతుంది.

"రెండు నెలలండి," అన్నాను. అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించినవాణ్ణి నేను.

"రెండు నెలల్లో వెన్నెముక దాకా పాకదండీ," అన్నారాయన. వృషణాలు తీసేస్తే జబ్బు కొన్నేళ్ళు అణిగి ఉంటుందట. సరేనన్నాను. వాటికీ రిటైరయ్యే వయసొచ్చింది.

తిరుగు బస్సెక్కాం. రావులపాలెం దాటాక ఆమె ఫ్లాస్కు మూత తీసి, నీళ్ళన్నీ కిటికీలోంచి పారబోసింది.

మర్నాడు పొద్దున్న కాఫీ వచ్చింది. అరుగు మీద బొండాల గెల అలాగే ఉంది. కత్తి మాత్రం లేదు.

"బొండాం ఏదే?" అన్నాను.

"వేడి కాదని తేలిందిగా." గోడ వైపు తిరిగి నిలబడింది. "ఏడాదండీ. నా చేత్తో నేనే ఇచ్చాను."

"రెండు నెలలే అని చెప్పానుగా!"

"మీకు అబద్ధమాడటం చేతకాదు. ఊరుకోండి."

నాకు ఒళ్ళు మండిపోయింది, ఆమె మీద కాదు. "సైన్సు మేష్టారు నువ్వా నేనా?" అని అరిచాను. "నాకు తెలియాలి గానీ నీకెలా తెలుస్తుంది? దాహమేస్తోంది, కత్తి తే."

బియ్యం డబ్బా వెనక దాచిన కత్తి తెచ్చింది. ఏడుస్తూనే బొండాం కొట్టింది. దెబ్బ పక్కకి పడి సగం నీళ్ళు నేలపాలయ్యాయి. మిగిలిన సగం ఇద్దరం తాగాం.