నేల కిందికి దిగిన శక్తి

మొన్న నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, తన లెక్కలో శక్తి అసలు విలువకన్నా తక్కువ వస్తోందని, ఏదో బగ్ అయి ఉంటుందని నవ్వుకుంటూ చెప్పి చాయ్ తాగడానికి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ నవ్వు అంటుకోలేదు, ఎందుకంటే ఇదే సూరత్‌లో, ఇదే అఘాయిత్యం చేసి, మూడు రోజులు బతికుండగానే చచ్చినవాణ్ణి నేను.

క్వాంటం క్షేత్ర సిద్ధాంతం అనగానే పేజీ తిప్పేయకండి. సమీకరణం లొంగనప్పుడు ఒక ఊహను జవాబుగా నిలబెట్టి, దాని మరలు తిప్పుతూ శక్తిని వీలైనంత కిందికి దించడమే వేరియేషనల్ పద్ధతి. శాసనం ఒక్కటే: ఊహ ఎంత గొప్పదైనా దాని శక్తి అసలు శక్తికి పైనే ఆగాలి, కిందికి దిగిందంటే లెక్క తప్పు. నేను పరిశోధన చేసే రోజుల్లో, అసలు విలువ ఎవరికీ తెలియని ఒక లెక్కలో, నా శక్తి మాత్రం భూమండలంలో ఎవరికీ రానంత కిందికి దిగింది. డిండోలిలో మా గల్లీ అంతా ఘారీ మిఠాయి పంచాను. మా అమ్మయితే కూరగాయలామెకు కూడా, కొడుకు ప్రపంచం శక్తినే దించేశాడని చెప్పుకుంది.

వారానికి మూడు మాటలకు మించి ఖర్చుపెట్టని మా గైడు, క్షేత్రాన్నంతా వదిలి ఒకే ఒక్క బిందువు దగ్గర లెక్క చూడమన్నారు; అక్కడ అసలు జవాబు ముందే తెలుసు. చూస్తే నా శక్తి దానికీ కిందే ఉంది. సోమవారం కమిటీ ముందు నిలబడాలి, నిలబడలేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అన్నం సహించలేదు, చెమటకు చాప తడిసి బరువెక్కింది, సీలింగ్ ఫ్యాన్ కూడా నన్ను చూసి అడ్డంగా తల ఊపుతున్నట్టే ఉండేది.

ఆదివారం పొద్దున మా నాయన, మగ్గాల కార్ఖానాలో ఆయనతో పనిచేసే ముగ్గురూ కడోదరాలో పెళ్లికి బయలుదేరారు. బళ్లు రెండు, మనుషులు నలుగురు. ఎవరికి జతగా ఎవరు కూర్చోవాలన్నది తేలేలోగా ఆ పెళ్లివారికి మనవలు పుట్టేటట్టున్నారు. చివరికి అందరికన్నా పెద్దాయన విసిగిపోయాడు.

"మూడు తీర్ల మార్చి చూసినం. నాల్గో తీరు లేదు, ఇగ ఎక్కుండ్రి."

వాళ్లను సాగనంపడానికి వీధిలో నిలబడ్డ నన్ను ఆ మాట పట్టేసింది. నా సమీకరణంలో క్షేత్రం నాలుగుసార్లు గుణించుకుని ఉంది. సగటు కట్టేటప్పుడు ఆ నాలుగింటినీ రెండేసిగా జతకట్టాలి. మూడు తీర్లుంటే నేను ఒక్కటే లెక్కపెట్టాను. దాంతో ఆ భాగం శక్తి మూడోవంతుకు పడిపోయింది. చెప్పులు లేకుండా వీధిలో ఎగురుతూ ఇంట్లోకి పరుగెత్తాను.

"ఏందిర, గట్ల ఉరుకుతున్నవ్?" అన్నాడు నాయన.

తప్పు దొరికిందన్నాను. తప్పు దొరికితే గింత సంబురమా అన్నట్టు చూసి, బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ భాగాన్ని మూడుతో గుణించాక నా శక్తి బుద్ధిగా అసలు విలువకు పైకి వచ్చి కూర్చుంది. ప్రపంచ రికార్డు పోయింది, పదిమందికీ వచ్చే మామూలు జవాబే మిగిలింది. కమిటీ ఆవలిస్తూ తల ఊపింది, ఆ ఆవలింతలను మించిన ఆశీర్వచనం ఇంతవరకు నాకు దక్కలేదు.

ఇప్పటి పిల్లల ఊహలకు వేల మరలు, వాటిని తిప్పేది యంత్రం; తప్పు వస్తే అది యంత్రం ఖాతాలోకి పోతుంది. వాళ్లకు నా భయం లేదు, సంతోషమే. కానీ ఇన్నేళ్లలో, తన తప్పు తనకు దొరికిందని చెప్పులు మరిచి ఎగిరినవాళ్లను నా గదిలో ఒక్కరినీ చూడలేదు.